అత్త పంచిపెట్టిన చోటు

మా మేనత్త బస్సు డిపోలో టికెట్ మిషన్లు బాగుచేస్తుంది. కండక్టర్లు కింద పడేసినవి, వానలో తడిపినవి, కోపం వచ్చి బల్లకేసి కొట్టినవి, అన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. నాకు ఆమె మీద ఉన్న ఫిర్యాదల్లా అదే.

ఇంట్లో మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన, ఆమె సర్వర్ ఉంటుంది. ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత కంప్యూటర్‌కు రెండు డిస్కులు బిగించి, ఆ ఒక్క పెట్టెలోనే నాలుగు కంప్యూటర్లు విడివిడి యంత్రాల్లా నడిచేలా చేసింది. మొదటిది పాఠాలది. చూపులేని పిల్లల హాస్టల్ కోసం అత్త పుస్తకాలు చదివి రికార్డు చేసి అందులో ఉంచుతుంది. పిల్లలు హాస్టల్ నుంచే వింటారు. ఆ తర్వాత మామయ్య తన ఫొటోలకు ఒకటి అడిగాడు. ఆయన చెల్లెలు సినిమాలు దాచుకోవడానికి ఒకటి అడిగింది. చివరికి వీధి సంఘం సెక్రటరీ వచ్చాడు. ఆయన గేటు ముందు ఎవరో చెత్త సంచి పెట్టిపోతున్నారట. దొంగను పట్టడానికి కెమెరా పెట్టించాడు గానీ, అది తీసిందంతా దాచడానికి చోటు లేదు. "నీ పెట్టెలో ఓ మూల చాలు చెల్లెమ్మా" అన్నాడు.

అత్త ఎవరినీ కాదనలేదు. ఇలాంటి ఏర్పాటులో ఒక ప్రమాదకరమైన సౌకర్యం ఉంది. డిస్కులో లేని చోటు కూడా ఉన్నట్టు రాసివ్వచ్చు. ఎవరు ఎంత నింపితే అంతే ఖర్చవుతుంది. అందరూ ఒకేసారి నింపుకోరులే అన్న ధైర్యంతో ఆమె నలుగురికీ ధారాళంగా రాసిచ్చింది. చుట్టాలు ఎంతమంది వచ్చినా పక్కలు పరిచి, తను వంటింట్లో ముడుచుకుని పడుకునే మనిషి మరి.

సెక్రటరీ కెమెరా రాత్రింబవళ్లు ఆ గేటునే చూసింది. కుక్క వచ్చినా దాచింది, కాగితం ఎగిరినా దాచింది, ఏమీ జరగకపోయినా దాచింది. పాతవి వాటంతటవే చెరిగిపోయేలా పెడదామని అత్త అంటే, సాక్ష్యం పోతుందని ఆయన ఒప్పుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. చరిత్ర పాఠం సగంలో ఆగిపోయిందట. మర్నాడే పరీక్ష. ఆ పుస్తకం వేళ్లతో తడిమి చదివే అచ్చులో ఇంకా రాలేదు. పిల్లలకు అత్త గొంతు తప్ప వేరే దారి లేదు.

అత్త వెళ్లి చూస్తే పాఠాల యంత్రం బిగుసుకుపోయి ఉంది. డిస్కు పాడైందేమోనని తీగలు ఊడదీసి మళ్లీ పెట్టింది, డిస్కులు రెండూ పరీక్షించింది. దిట్టంగానే ఉన్నాయి. అప్పుడు మొత్తం నిల్వ చూసింది. తెర మీద నిల్వ చూపే గీత ఈ కొస నుంచి ఆ కొసకు ఎర్రగా నిండిపోయింది. చిన్న గుర్తు రాసుకోవడానికైనా చోటు లేక పాఠాలు ఆగిపోయాయి. లోపలున్న నాలుగు యంత్రాలకూ మాత్రం ఇంకా బోలెడు ఖాళీ ఉన్నట్టే తోస్తోంది. తోచదా మరి, రాసిచ్చింది ఆమే.

సెక్రటరీకి ఫోన్ చేసింది. మధ్యాహ్నంలోగా ఒక డిస్కు తెస్తే ఆయనదంతా అందులోకి ఎక్కించి ఇస్తానంది. ఈ మాత్రానికి తను డిస్కు కొనాలా, పిల్లల పాఠాలే కొన్ని తీసెయ్యొచ్చు కదా, కావాలంటే మళ్లీ చదువుకోవచ్చు కదా అన్నాడాయన. మామయ్య చెల్లెలు తన సినిమాలు భద్రమేనా అని మాత్రం కనుక్కుంది. మామయ్యేమో, ఆ గేటు బొమ్మలు టీవీలో పెట్టు, అత్తాకోడళ్ల సీరియల్ కన్నా ఎక్కువే జరుగుతుంది అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక పెద్దమనిషి గేటు ముందు ఏమీ జరగని బొమ్మలు నెలల తరబడి దాచిపెట్టడానికి, చెవులే కళ్లయిన పిల్లల చదువు ఆగిపోవాలి. అడిగినవాళ్లంతా తమ వాటా గురించే అడిగారు. ఇది అన్యాయమని ఆ ఇంట్లో ఒక్కరి నోటా రాలేదు.

"ఇంకా మొహమాటమేనా అత్తా?" అన్నాను.

"మధ్యాహ్నందాకా అన్నాను కదరా. మాటంటే మాటే."

మధ్యాహ్నం దాటింది. ఆయన రాలేదు. అత్త ఎప్పటిదో పనికిరాని ఫైలొకటి తీసేసి కాస్త ఊపిరాడే చోటు చేసింది. అలాగే బిగుసుకుపోయిన కెమెరా యంత్రాన్ని మళ్లీ నడిపించి, అందులోని గేటు రికార్డింగులన్నీ చెరిపేసింది. ఎర్ర గీత అంగుళం కూడా కదలలేదు. సాక్ష్యమూ పోయె, చోటూ రాకపోయె.

నేను సెక్రటరీని తిట్టడం మొదలుపెట్టాను. ఆమె వినిపించుకోలేదు, కెమెరా యంత్రం చూపే లెక్కనూ డిస్కు చూపే లెక్కనూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఆ యంత్రం గది ఖాళీ చేసింది గానీ తాళం ఇవ్వలేదురా" అంది.

లోపలి యంత్రం చెరిపిన సంగతి కింద ఉన్న డిస్కుకు తెలియదట. ఖాళీ అయిన చోటు తిరిగి అప్పగించమని సెట్టింగు పెట్టాలి. ఆ సెట్టింగు తను ఏనాడూ పెట్టలేదంది. పెట్టి, యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపి, చోటంతా తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞ ఇచ్చింది. ఎర్ర గీత కుంచించుకుపోతూ పచ్చబడింది. పాఠాల యంత్రం లేచింది.

కెమెరా యంత్రాన్ని మాత్రం ఆపేసి, ఆమె ఇక నడపలేదు. సాయంత్రం సెక్రటరీ తలుపు కొట్టాడు. ఫోన్లో తన గేటు కనబడటం లేదట.

"అందరికీ సర్దే మనిషివి, నాకే లేకపోయిందా చెల్లెమ్మా?"

"ఇన్నాళ్లూ సర్దింది లేని చోటు అన్నయ్యగారూ. ఉన్నది పిల్లలది. మీకు లేదు."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే వార్డెన్‌కు ఫోన్ కలిపింది. పాఠం పెట్టమంది. అవతలి నుంచి అత్త గొంతే వినిపించింది, యుద్ధం తర్వాత పన్నులు ఎందుకు పెరిగాయో చెబుతూ. పొద్దున ఆగిపోయిన వాక్యం దాటి తర్వాతి వాక్యం మొదలయ్యేదాకా, సెక్రటరీని గుమ్మంలోనే నిలబెట్టి, అత్త ఫోన్ చెవికి ఆనించుకుని వింటూ నిలబడింది.