చూపించని పాయింటు

ఎండిపోయిన చీనీతోట, అంటే బత్తాయి తోట, ఒకటి ఏళ్లుగా నా గుండెల మీద కూర్చుంది. అది ఎండడానికి కారణం నేనే. ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

మాది ప్రొద్దుటూరు. బోరు ఎక్కడ వేయాలో మిషన్ పెట్టి చూసి చెప్పడం నా పని. నేలలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపిస్తాం. తడి ఉన్న పొరల్లో అది సులువుగా పారుతుంది, ఎండు బండలో మొండికేస్తుంది. పైనేల మరీ ఎండిపోయి ఉంటే కడ్డీల మొదట్లో కాసిని ఉప్పునీళ్లు పోయాలి. లేకపోతే కరెంటు లోపలికే దిగదు.

పులివెందుల వైపు, తొండూరు దగ్గర ఓబులేసు అనే రైతు తోటలో ఆ నీళ్లే పోస్తున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందప్పా, నీళ్లు నువ్వే పోస్తాండావు, మళ్ల నీళ్లుండాయని నువ్వే చెప్తావా? పక్క చేనోడు ఏమన్నా నేర్పి పంపినాడా?"

కూలీలు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. విడమరిచి చెప్పడం రెండు మాటల పని. చెప్పలేదు. తర్వాత తూర్పు గట్టు పక్కన మంచి పాయింటు తగిలింది, పక్క చేనును ఆనుకుని. అక్కడ చూపిస్తే మళ్లీ అనుమానిస్తాడని భయపడ్డానా? లేక అనుభవించనీ అనుకున్నానా? రెండోదే. బండ తప్ప ఏమీ లేదని మిషన్ చెప్పిన చోట సున్నంతో గుర్తు పెట్టి, "ఈడ వేయించు మామా" అని వచ్చేశాను.

బోరులో దుమ్ము లేచింది. ఇంకోటి వేయించే స్తోమత ఆయనకు లేదు. ఆ ఎండాకాలంలోనే కాపు మీదున్న చెట్లు ఎండిపోతే కొట్టేయించాడు.

గట్టు పక్కన మాత్రం నీళ్లు పడేవని ఎవరు చెప్పగలరు, బంకమట్టి ఉన్నా మిషన్ అలాగే చూపిస్తుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్న ప్రతిసారీ నా మీద నాకే అనుమానం పెరిగింది. ఓబులేసు నాలో మోసగాణ్ని సరిగ్గానే చూశాడు, కాకపోతే కాస్త ముందుగా చూశాడు. అప్పటికి నేనింకా ఏ తప్పూ చేయలేదు.

చాన్నాళ్లకు జమ్మలమడుగు బస్టాండులో ఆయనే నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను.

"ఆ పొద్దు నిన్ను శానా మాటలంటి. అందుకే గంగమ్మ కరుణించలేదేమో. తప్పు నాదే, మనసులో పెట్టుకోవద్దప్పా."

"పోనీలే మామా" అన్నాను. ఆయన్ని క్షమించి బస్సెక్కాను.

ఇవాళ మీకు చెప్పాక కొంచెం ఊపిరాడుతోంది. ఓబులేసు మాత్రం తప్పు తనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాడు.