పరీక్ష అక్కరలేని కారు

రామసుబ్బుకు డెబ్బై ఒకటి. అర్థం కాని సంగతిని అర్థం కాలేదని ఒప్పుకోవడం ఆయనకు చిన్నప్పటినుంచీ చేతకాదు. ఎదుటివాడు చెబుతున్నంతసేపూ తల ఊపుతాడు, ఇంటికొచ్చి తల పట్టుకుంటాడు. కోవిల్‌పట్టిలో ఆయనను ఎరిగినవాళ్ళు అందుకే ఏ మాటైనా రెండుసార్లు చెబుతారు. అయినా లాభం లేదు, ఆయన రెండుసార్లూ తల ఊపుతాడు.

ఆయనకొక నల్ల అంబాసిడర్ ఉంది. తండ్రి విరుదునగర్‌లో మిరపకాయల వ్యాపారం చేసే రోజుల్లో, 1971లో కొన్నది. తండ్రి పోయాడు, వ్యాపారమూ పోయింది. రామసుబ్బు కోవిల్‌పట్టి చేరి ఊరి వెలుపలి నల్లరేగడిలో పత్తీ జొన్నా పండించుకుని బతుకు వెళ్ళదీశాడు. కారు మాత్రం ఆయనను వదల్లేదు. దాని రిజిస్ట్రేషను బుక్కులో ఇప్పటికీ విరుదునగర్ చిరునామాయే ఉంది కాబట్టి ఏ కాగితం పని పడినా అక్కడికే పరుగెత్తాలి.

ఆ కాలపు అంబాసిడర్‌లో ముందు సీటు ఈ తలుపునుంచి ఆ తలుపుదాకా ఒకే బల్లలా ఉంటుంది. ఈ కారులో మాత్రం అలా లేదు. ఇరవై రెండేళ్ళ కిందట రామసుబ్బు భార్య వెంకటమ్మాళ్ బస్సు దిగుతూ కాలు జారి పడింది, ఎడమ మోకాలు విరిగింది. కట్టు విప్పాక చూస్తే కాలు చాచినట్టే నిలిచిపోయింది. ఇక వంగలేదు. బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటోలో ఇమడలేదు. బంధువులు ముచ్చటపడి కొత్త కారు తెస్తే మనిషి లోపల, కాలు బయట. అప్పుడు రామసుబ్బు ఎవరినీ అడక్కుండా ముందు సీటును నడుమకు కోయించి, ఎడమ సగం తీసి పారేసి, ఇంట మూలపడ్డ ఎద్దులబండి పలకలతో ఆ చోట ఒక పీట కట్టించాడు. అది మూరెడు వెనక్కి, జానెడు పైకి ఉంటుంది. కాలు చాచుకోవడానికి కింద ఏటవాలుగా మరొక పలక, మీద పత్తి పరుపు. వెంకటమ్మాళ్ అందులో కూర్చుంటే డ్రైవరుకు వెనక, వెనక సీటుకు ముందు, అటూ ఇటూ కాని చోట ఉంటుంది. ఆమెతో మాట్లాడాలంటే రామసుబ్బు పైనున్న అద్దంలో చూడాలి. ఇరవై రెండేళ్ళ పోట్లాటలన్నీ ఆ అద్దంలోనే జరిగాయి.

ఆమె పుట్టిల్లు నాగలాపురం. ఆకాశం చూసి విత్తే ఊరు. ఆ ఇంట ఒక వాడుక ఉంది: పురటాసి నెలలో, అంటే భాద్రపద ఆశ్వయుజాల్లో, తొలి వాన పడ్డాక, ఆ ఇంట పుట్టిన పెద్ద ఆడబిడ్డ వచ్చి మొదటి పిడికెడు గింజలు తన చేత్తో చేలో వేయాలి. ఆ తరువాతే గొర్రు కదులుతుంది. తమ్ముడు పోయినా, తమ్ముడి భార్య పంచవర్ణం సేద్యం విడవలేదు, ఈ వాడుకా విడవలేదు. కాలు పోయిన ఏడు కూడా వెంకటమ్మాళ్ వెళ్ళింది, ఈ కారులో చేను గట్టుదాకా వెళ్ళింది. సంవత్సరం పొడుగునా ఆమె అడిగేది ఏమీ ఉండదు. ఆ ఒక్క రోజు మాత్రం ఆమెను ఎవరూ ఆపలేరు.

ఈసారి చిక్కు వచ్చి పడింది. కారు రిజిస్ట్రేషను గడువు పురటాసిలోనే ముగుస్తోంది. మళ్ళీ పొడిగించాలంటే బండిని అధికారి ముందు నిలబెట్టి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఒప్పించాలి. అయిదేళ్ళ కిందట అప్పటి అధికారి బ్రేకూ లైటూ అంతా బాగుందన్నాడు గాని, వెంకటమ్మాళ్ పీట మీద అరచేత్తో చరిచి, "ఇదేం బండిపలకయ్యా? ఈసారికి పోనిస్తున్నా, వచ్చేసారి ఇది కనబడకూడదు" అన్నాడు. రామసుబ్బు తల ఊపాడు. ఆ చరుపు అయిదేళ్ళుగా ఆయన చెవిలో మోగుతూనే ఉంది.

ఇట్లా ఉండగా పురటాసికి ముందు నెల ఆవణిలో మేనల్లుడు సురేష్‌కుమార్ వచ్చాడు. విరుదునగర్‌లో పప్పుల మండీలో పనిచేస్తాడు. పాత కార్లవాళ్ళ వాట్సాప్ గుంపులో చేరినప్పటినుంచి తానే రవాణా శాఖ అనుకుంటున్నాడు.

"మామా, మన బండికి యాబై ఏండ్లు దాటిపాయె గదా? వింటేజి అని రాసి ఇచ్చేస్తే సరి. దానికి టెస్టే లేదు," అన్నాడు.

"టెస్టు లేదా?"

"లేదంటున్నా గదా. తుక్కుకు పంపేదీ లేదు. నంబరు పలకే వేరేగా ఇస్తారు. ఊరంతా తిరిగి చూస్తాది."

సురేష్‌కుమార్ ఆ తరువాత ఇంకా చాలా చెప్పాడు. రామసుబ్బుకు మొదటి మాటే చాలింది. టెస్టు లేదంటే పీటను చరిచేవాడు లేడు. పీటను చరిచేవాడు లేడంటే వెంకటమ్మాళ్ చోటు భద్రం. ఇంత సులువైన దారి ఉండగా ఇన్నాళ్ళూ భయపడి చచ్చానే అని ఆయన తనను తానే తిట్టుకున్నాడు.

దరఖాస్తుకు కారు ఫొటోలు కావాలన్నారు. కారు పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలన్నారు. సురేష్‌కుమార్ మదురైలో పాత సామాన్ల అంగడి గాలించి, అదే కాలం నాటి ముందు సీటు ఒకటి, ఎర్ర రెగ్జిన్‌ది, పట్టుకొచ్చాడు. రామసుబ్బు స్పానరు తీసుకుని ఎద్దులబండి పీటా, డ్రైవరు వైపు మిగిలిన సగం సీటూ విప్పాడు. వాకిట్లో కుర్చీ మీద కాలు చాచుకుని కూర్చున్న వెంకటమ్మాళ్ చూస్తూనే ఉంది.

"సుమ్మా, ఫొటోకుదా," అన్నాడాయన, ఊరికే ఫొటో కోసమేనన్నట్టు.

"సరి," అందామె.

ఇక్కడే మన రామసుబ్బు దారి తప్పాడు. సీటు బిగించి, కారు కడిగి, తలుపులు తెరిచి దూరంగా నిలబడి చూసేసరికి ఆయనకు తండ్రి కనబడ్డాడు. తెల్ల చొక్కా వేసుకుని, ఆ ఎర్ర సీటు మీద మోచెయ్యి ఆనించి మండీకి బయలుదేరే తండ్రి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీధివాళ్ళు వచ్చారు, ఫొటోలు దిగారు, "అబ్బా, కొత్తదానిమాదిరి ఉండాదే" అన్నారు. పొగడ్త ఎవరికి చేదు? ఫొటోలు పంపాక కూడా ఆయన పీట తిరిగి బిగించలేదు. అధికారులు ఇంటికి వచ్చి చూస్తారేమో, వచ్చి చూశాక బిగిద్దామనుకున్నాడు. పీటను గొడ్లకొట్టంలో గోడకు చేర్చి పెట్టాడు. ప్రతి శుక్రవారం గుడికని బయటికి వెళ్ళే వెంకటమ్మాళ్ మూడు వారాలు మోకాలు లాగుతోందంటూ ఇంట్లోనే ఉండిపోయింది. ఈయన నూనె తెచ్చి ఇచ్చాడు.

పురటాసి మొదటి వారంలో విరుదునగర్ రవాణా ఆఫీసునుంచి పిలుపు వచ్చింది. అక్కడి గుమాస్తా సతీష్‌కుమార్ మంచివాడే, ఓపికగలవాడు. ఒక కాగితం ముందు పెట్టి, చదివి సంతకం పెట్టమన్నాడు. రామసుబ్బు తమిళంలో రెండుసార్లు చదివాడు. బండిని రోజువారీ పనికి వాడను, ప్రదర్శనకూ, పాత కార్ల ఊరేగింపుకూ, పెట్రోలుకూ, రిపేరుకూ మాత్రమే రోడ్డు ఎక్కిస్తాను అని ఉంది.

ఇంటి బయట ఆయన మాట్లాడేది తమిళమే. ఆ తమిళంలోనే అడిగాడు: "రోడ్డు మీద తిరగడానికి పరీక్ష అక్కరలేదన్నారు కదా?"

"రోడ్డు మీద తిరగని బండి కదయ్యా."

"తిరగని బండికి పరీక్ష ఎందుకు?"

"అందుకే అక్కరలేదంటున్నాం."

రామసుబ్బు తల ఊపాడు. ఊపి, ఆపి, మళ్ళీ అడిగాడు. "పెట్రోలుకు పోవచ్చు కదా?"

"పోవచ్చు."

"నాగలాపురం దారిలో బంకు ఉంది. అక్కడికి పోవచ్చా?"

"మీ ఇంటి పక్కన బంకు లేదా?"

"ఉంది."

సతీష్‌కుమార్ పెన్ను కింద పెట్టాడు. "పెద్దాయనా, మీకు ఈ బండి దేనికి కావాలి? దాచుకోవడానికా, తిరగడానికా? దాచుకోవడానికైతే ఇది సరైన కాగితం. తిరగడానికైతే వేరే వరుసలో నిలబడాలి. ఇంటికి పోయి ఆలోచించి చెప్పండి."

తిరుగుదారిలో ఆయన బుర్ర మజ్జిగ కవ్వంలా తిరిగింది. పరీక్ష తప్పించుకుందామని పోతే కారే రోడ్డు తప్పిపోయేట్టుంది. అయినా సాత్తూరు దాటేసరికి ఒక ఉపాయం తట్టింది. సంవత్సరానికి ఒక్కసారి నాగలాపురం పోతే రోజువారీ వాడుక ఎట్లా అవుతుంది? అడిగితే పంచవర్ణం చేలో ప్రదర్శన అని చెబుతాను. చూడ్డానికి ఊరంతా వస్తుంది కదా! ఈ మాట తనకే నవ్వు తెప్పించింది. సంతకం పెట్టేద్దాం అనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి పంచవర్ణం ఫోనులో ఉంది. వెంకటమ్మాళ్ ఫోను ఆయనకు ఇచ్చింది.

"అన్నా, నిన్న మంచి వాన పడె. నేల పదునుగా ఉండాది. శుక్రవారం విత్తేస్తాము. వదినను ఎప్పుడు పిలుచుకొస్తారు? అడిగితే జవాబే చెప్పలేదు."

"శుక్రవారం పొద్దున్నే ఆడ ఉంటాము, అమ్మా," అన్నాడు రామసుబ్బు హుషారుగా. ఫోను పెట్టి భార్యవైపు తిరిగాడు. "దా, ఒకసారి కూచోని చూడు. నీవు ఈ కొత్త సీటులో కూచోనే లేదే."

వెంకటమ్మాళ్ కర్ర ఊనుకుని వచ్చింది. ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి ఎర్ర సీటు మీద ఆనుకుంది. కుడికాలు లోపలికి పోయింది. ఎడమకాలు తలుపుకు తగిలి బయటే నిలిచింది. ఆమె ఇంకొంచెం లోపలికి జరిగింది. కాలు ఇంకా బయటే ఉంది. రామసుబ్బు తలుపు పట్టుకుని ఆ కాలినే చూస్తూ నిలబడ్డాడు. దేన్ని కాపాడటానికి విరుదునగర్ చుట్టూ తిరిగాడో దాన్నే తన చేత్తో విప్పి కొట్టంలో పడేశాడు. మూడు వారాలు! ఆయనకు తల ఊపడానికి కూడా చేతకాలేదు.

"ఎందుకు చెప్పలేదు నీవు?" అన్నాడు చివరికి.

"మీరు దానిని చూసి అంత సంతోషంగా ఉంటిరి. నాయనను చూసినట్టు ఉండాదని అందరికీ చెప్పుకుంటిరి. నా కాలు ఎందుకు అడ్డం పెట్టేదని," అంది వెంకటమ్మాళ్.

"మోకాలు నొప్పి అన్నావే?"

"నొప్పి లేదు. ఎక్కేదానికి చోటు లేదు."

రామసుబ్బుకు సిగ్గేసింది. పచ్చిగా, వాకిట్లో నిలువునా సిగ్గేసింది. తండ్రి మోచెయ్యి కనబడిన సీటు కోసం బతికున్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టాడు. వెళ్ళి స్పానరు తెచ్చుకున్నాడు. ఎర్ర సీటు బయటికి, పాత సగం సీటూ ఎద్దులబండి పీటా లోపలికి. బోల్టుల మీద నమ్మకం చాలక వెల్డింగు అంగడికి తీసుకుపోయి కిందినుంచి ఇనుప పట్టీలు వేయించాడు. గురువారం పొద్దున్నే సతీష్‌కుమార్‌కు సంతకం లేని కాగితం తిరిగి ఇచ్చేసి, తిరిగే బండ్ల వరుసలో కారు నిలబెట్టాడు. వెంకటమ్మాళ్ ఇంటిదగ్గర ఉండనంది. కారు పోతే తానూ అక్కడే ఉండి చూస్తానని పీట ఎక్కి కూర్చుంది.

ఈసారి అధికారి కార్తిక అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి. వంగి కిందికి చూసింది, పొగ చూసింది, లైట్లు వేయించింది, ఆయన చేత నడిపించి బ్రేకు తొక్కించింది. పరీక్ష అంతసేపూ వెంకటమ్మాళ్ దిగలేదు. కార్తిక దిగమనలేదు, వెనక సీట్లో కూర్చుంది. బండి ఆగాక ముందుకు వచ్చి పీట మీద చెయ్యి వేసింది. రామసుబ్బు కళ్ళు మూసుకున్నాడు. చరుపు వినబడలేదు. ఆమె పీటను పట్టుకుని ఊపి చూసింది, అది కదల్లేదు.

"ఇది ఎవరు మార్చారు?"

"నేనేనమ్మా."

"మార్చడం తప్పు కాదు. మార్చినట్టు బుక్కులో లేకపోవడం తప్పు. ఈ ఫారంలో కారణం రాసి ఇవ్వండి, ఆ పీటకు అనుమతి ఇప్పిస్తాను," అంది.

"అంతేనా?" అన్నాడు రామసుబ్బు.

"అంతే."

అయిదేళ్ళ భయం అంతేనన్న ఒక మాటతో తీరిపోతుందని ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. ఫారం తీసుకుని బానెట్ మీద పెట్టుకున్నాడు. మార్పుకు కారణం అని ఉంది, దాని కింద ఒకే ఒక గీత. ఏది రాయాలి? బస్సు మెట్టా? మోకాలా? నాగలాపురమా, పురటాసా, పిడికెడు గింజలా? వికలాంగురాలు అని రాయమని పక్కన ఎవరో సలహా ఇచ్చారు. ఆ మాట ఆమెను ఆయన ఎన్నడూ అనలేదు, ఇప్పుడు అనడానికి చెయ్యి రాలేదు. పెన్ను పట్టుకుని కారు కిటికీ దగ్గరికి పోయాడు.

"ఏమని రాసేది?" అని అడిగాడు, ఈసారి అద్దంలో కాకుండా మొహంలోకి చూసి.

వెంకటమ్మాళ్ ఆయనను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "నేను కూచునేదానికి అని రాయండి. దాంట్లో ఇంకేముండాది?"

రామసుబ్బు తమిళంలో గుండ్రంగా రాశాడు: వెంకటమ్మాళ్ కూర్చోవడానికి.

కార్తిక చదివింది. ఇంకొక మాట రాయమనలేదు. ముద్ర వేసింది.