యాదమ్మకు నేను పెట్టిన పేరు

ఆదివారం ఉదయం ఏడుంబావుకి మేడ్చల్ డిపో ముందు నిలబడ్డాను. చేపల కోసం శామీర్‌పేట దాకా ప్రయాణమేమిటని మా ఆవిడ నవ్వింది. ఫోన్లో యాప్‌లు మితిమీరాయని ఆ వారమే చాలావరకు తీసేశాను. చేపలు ఇంటికి తెచ్చేదీ వాటిలో ఉంది. భీమవరం వాణ్నయ్యుండి మొప్పలెత్తి చూడకుండా రెండేళ్లు చేపలు కొన్నాను, సిగ్గుచేటు.

బస్సు వేళలు చెప్పే యాప్ కూడా పోయింది కాబట్టి పక్కనున్న పెద్దాయన్ని అడిగాను. "బస్సు కోసం సూస్తే పొద్దెక్కుతది. షేర్ ఆటో ఎక్కు, జల్దీ పోతవ్" అన్నాడు. ముగ్గురి చోట ఆరుగురం సర్దుకున్నాం. మనిషికి నలభై. దారి పొడుగునా మక్కజొన్న చేలు, వాటి మధ్య ప్లాట్ల జెండాలు. ఎనిమిదిన్నరకు దిగి, బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిని చెరువు వైపు నడిచాను.

రోడ్డు పక్కన చేపల గంపతో యాదమ్మ కనిపించింది. యాప్ రాకముందు ఆమె దగ్గరే కొనేవాణ్ని. కొర్రమీను పడితే చెప్పమని నా నంబరు కూడా ఇచ్చాను. ఆమే గుర్తుపట్టింది.

"కొత్త నంబర్ తీసుకున్న సార్. కొర్రమీను వడ్డదని మూడు ఐతారాలు ఫోన్ జేసిన. ఎత్తకపోతివి."

ఆఫీసు పని అని ఏదో గొణిగాను. ఇంతలో తూంకుంట నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఫోనెందుకు ఎత్తడం లేదని యాదమ్మ ఆమెనూ అడిగింది.

"నీ ఫోనొస్తే 'లోన్ మోసం' అని ఎర్రగ పడుతది. మా కాలనీల ఎవరూ ఎత్తుతలేరు" అందామె.

యాదమ్మ బిత్తరపోయింది. తానెవరి దగ్గరా లోన్ తీసుకోలేదంది. జనానికి తన చేపలు నచ్చడం లేదనుకుని రెండు గంపలు తెచ్చేది ఒకటే తెస్తోందట.

ఆ ఎర్ర మాటలు ఎక్కడివో నాకు తెలుసు. అప్పట్లో లోన్ల వాళ్లు ఫోన్లతో ప్రాణం తీసేవారు. ఒక ఆదివారం ఇంటి నుంచే ఆఫీసు మీటింగులో ఉండగా తెలియని నంబరొకటి మోగితే కట్ చేసి, ఫోనెవరిదో చూపించే యాప్‌లో ఆ రెండు మాటలు కొట్టాను. మనం రాసిన పేరు ఊరందరికీ కనిపిస్తుందని తెలుసు. పట్టించుకోలేదు.

టీచరమ్మ ఉండగానే చెప్పాల్సింది. పరువు అడ్డొచ్చి, ఆమె వెళ్లాక చెప్పాను. యాదమ్మ నేను ఎంచుకున్న చేపకు పొలుసు గీకుతూనే వింది.

"గంత రాసే టైం ఉన్నోడివి, ఎవరని ఒక్క మాట అడుగకపోతివి సార్."

తిట్టినా బాగుండేది. చేపను ముక్కలు చేసి, కడిగి, కవర్లో కట్టి చేతికిచ్చింది. ఇప్పుడన్నా ఆ పేరు తుడపమంది.

పదకొండింటికి తిరుగు ఆటో దొరికింది. ఆ యాప్‌ను కూడా మూడు రోజుల క్రితమే గొప్పగా తీసేశాను. ఆటోలోనే మళ్లీ వేసుకుని, 'యాదమ్మ, శామీర్‌పేట చేపలు' అని రాశాను. ఇంకొందరు కూడా ఇదే పేరు చెబితే మారుస్తామని జవాబొచ్చింది. మోసమనడానికి నా ఒక్కడి మాట సరిపోయింది. నా మాటకు వంత పాడగలిగిన టీచరమ్మనేమో నేనే చేజేతులా పోనిచ్చాను.

మీరెవరైనా అటు వెళితే యాదమ్మ దగ్గర ఆగండి, నంబరు తీసుకోండి. ఆమె ఫోను చేసినప్పుడు ఎర్రగా పడేది చూసి జంకకండి. ఆ రాత నాది.