ఎర్రచుక్క పడని తప్పు

పుస్తకం ఆవిష్కరించిన సాయంత్రం సాహిరా వెనక వరసలో, ఫ్యాను గాలి అందని కుర్చీలో కూర్చుంది. కావలిలో ఆ కల్యాణమండపం పై అంతస్తు నిండిపోయింది. తెర మీద బాలబందు ఆకు పడింది. మేకడెక్కలా మధ్యకు చీలిన ఆకు, ఎడమ రెక్క కుడి రెక్క కంటే ఓ పిసరు వెడల్పు. ఆ పిసరు పట్టుకోవడానికి ఆమె ఎండాకాలమంతా తుమ్మలపెంట సముద్రం ఒడ్డు ఇసుకలో కూర్చుంది. ఆ తర్వాత రావణాసురుడి మీసాలనే ముళ్లగడ్డి వచ్చింది, ఆ తర్వాత ఉప్పునేలలో పెరిగే ఇల్లకూర. ప్రతి బొమ్మకీ జనం చప్పట్లు కొట్టారు. చివర్లో పుస్తకం మొదటి పేజీ చూపించారు. 'ఉప్పునేల మొక్కలు. రచన, చిత్రాలు: పద్మనాభయ్య.'

సాహిరా కూడా చప్పట్లు కొట్టింది.

పక్కన కూర్చున్న తల్లి జమాల్‌బీ మోచేత్తో పొడిచింది. "ఏంది మే, నీ బొమ్మలకి ఆయన పేరుండాది?"

"ఊరుకోమా. పెద్దాయన."

"ఆయన పెద్దాయనైతే నీ చెయ్యి చిన్నదైపోయినాదా?"

ఊరుకోవడం సాహిరాకు పనితో పాటు వచ్చిన అలవాటు. ఆమె మగ్గం వర్కుకి డిజైన్ గీస్తుంది. పెళ్లి జాకెట్టు మెడకీ చేతులకీ ఏ పువ్వు ఎక్కడ రావాలో పల్చటి కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడుస్తుంది. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి అద్దితే బెజ్జాల్లోంచి దిగి పువ్వు పడుతుంది. దాని మీద జరీ, పూసలు కుట్టేసి, మిగిలిన పొడిని దులిపేస్తారు. పెళ్లిలో చూసినవాళ్లు ఎక్కడ చేయించారని అడుగుతారు, వీళ్లు షాపు పేరు చెబుతారు. గీసిందెవరని ఇంతవరకూ ఏ పెళ్లికూతురూ అడిగిన పాపాన పోలేదు. గీత పుట్టేదే చెరిగిపోవడానికని నమ్మి బతికిన మనిషికి, తెర మీద తన పేరు లేకపోవడం వింతగా తోచలేదు. లోపల ముల్లు విరిగినట్టు మాత్రం అనిపించింది. దాన్ని తడిమి చూసుకోలేదు.

పద్మనాభయ్య కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పుస్తకం రాకముందు ఒకసారి, కోడలి జాకెట్టు తీసుకుపోవడానికి సాహిరా పనిచేసే షాపుకొచ్చి, మెడ చుట్టూ ఉన్న పువ్వుని కళ్లద్దాలు సర్దుకుని మరీ చూశాడు.

"ఈ పువ్వు ఏ చెట్టుదమ్మా?"

"చెట్టుది కాదు సార్. మగ్గం మీద పూస్తాది."

ఆయన నవ్వాడు. "తామర రేకులు, మల్లె ఆకులు, గులాబి ముళ్లు. మూడు చెట్లకి కలిపి పుట్టిన బిడ్డ. చెయ్యి మాత్రం బాగుండాది."

సముద్రం ఒడ్డు మొక్కల మీద పుస్తకం రాస్తున్నానన్నాడు. ఆకు కింద నూగు ఫొటోలో సరిగ్గా పడదని, గీసే చెయ్యి కావాలని, వస్తే నేర్పుతానని చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నాలు బస్సెక్కి ఆయన ఊరికి పోతే, ఆయన వరండాలో చదువు మొదలైంది.

మొదటి పాఠం బాలబందు ఆకు. సాహిరా కాగితాన్ని మధ్యకు మడిచి, సగం ఆకు గీసి, మడత మీద రెండో సగం అద్దుకుంది. మగ్గం పనిలో చెయ్యి తిరిగినవాళ్లంతా చేసేదదే. మెడ డిజైన్ అలా గీయకపోతే ఒక భుజం కిందికి దిగుతుంది. పద్మనాభయ్య ఎర్ర పెన్సిలు తీసి కుడి రెక్క మీద ఒక చుక్క పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

"ఏం తప్పు సార్?"

"అది నేను చెప్పను. చుక్క కాడ తప్పుండాది. ఎతుక్కో."

వారం తిరిగేసరికి ఆమె ఒక సంచీ నిండా ఆకులు తెచ్చి వరండాలో గుమ్మరించింది. "ఒక్క ఆకు కూడా మడతకి సరిపోలా సార్."

"మరి? దేవుడేమన్నా టైలరనుకున్నావా?"

ఆయన పద్ధతి అది. ముందు అంచు ఒక్కటే గీయాలి, అదీ కాగితం వైపు చూడకుండా, ఆకునే చూస్తూ. తర్వాత ఆకులు వదిలేసి వాటి మధ్య ఖాళీలు గీయాలి. తర్వాత ఈనెలు. ఆ తర్వాత మొగ్గని బ్లేడుతో నిలువునా కోసి లోపల ఉన్నది ఉన్నట్టు గీయాలి. ఒకదాంట్లో చుక్కలు తగ్గితేనే రెండోదానికి పోనిచ్చేవాడు. ఎర్రచుక్కలు నిండిన రావణాసురుడి మీసాల బొమ్మ ఇంటికి తెస్తే జమాల్‌బీ చూసి, "ఏందే, మొక్కకి ఆటలమ్మ పోసినాదా?" అంది. సాహిరా రోషంగా మళ్లీ మళ్లీ గీసింది. చివరికి ఒక ఆదివారం కాగితం చుక్క లేకుండా తిరిగొచ్చింది. బస్సులో ఆ కాగితాన్ని మడవకుండా ఒళ్లో పరుచుకుని, కావలి వచ్చేదాకా చేత్తో గాలికి లేవకుండా పట్టుకుంది. ఆ తర్వాత పుస్తకానికి కావాల్సిన బొమ్మలన్నీ ఆమే గీసింది.

నేర్పడంలో ఆయన పైసంత మోసం చేయలేదు. అది చెప్పకపోతే మనం మోసం చేసినవాళ్లమవుతాం.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, మొక్కల మీద పనిచేసే ఒక సంస్థ చెన్నైలో బొమ్మలు గీసేవాళ్లు కావాలని ప్రకటించింది. అచ్చయిన పని చూపించాలన్నారు. సాహిరా పుస్తకం పట్టుకుని రైలెక్కింది. అక్కడ నవోమి అనే ఆవిడ పేజీలు తిప్పింది, కొన్ని చోట్ల ఆగి మళ్లీ వెనక్కి తిప్పింది.

"చాలా బాగున్నాయి. మీ పేరెక్కడ?"

సాహిరా ముందుమాట చివర ఒక వాక్యం చూపించింది. 'చిత్రాల విషయంలో సహకరించిన స్థానిక మహిళకు కృతజ్ఞతలు.'

"కావాలంటే ఇక్కడే గీసి చూపిస్తా మేడమ్."

"గీస్తారు, నాకు నమ్మకమే. కానీ అచ్చయిన పని ఉండాలని రూలు. పుస్తకం రాసినాయన చేత ఈ బొమ్మలు మీవని ఒక్క మాట చెప్పించండి, చాలు."

ఆ ఒక్క మాట కోసం ఆమె మళ్లీ అదే వరండా ఎక్కింది. పద్మనాభయ్య సంతోషంగా కాఫీ తెప్పించాడు. సాహిరా సంగతి చెప్పింది. ఆయన మాట దాటేసి, కాఫీ చల్లారిపోతుందన్నాడు. అప్పుడామె పుస్తకం మొదటి పేజీ తెరిచి, బల్ల మీద ఉన్న ఎర్ర పెన్సిలు తీసుకుని, 'చిత్రాలు' అన్న మాట పక్కన చుక్క పెట్టి ఆయన ముందుకు జరిపింది.

"ఏందమ్మా ఇది?"

"తప్పుండాది సార్. ఎతుక్కోండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చెయ్యి నీదే. కాదన్నానా? నా చుక్కలు లేకపోతే ఈ బొమ్మలు యాడివి?"

"మీరు చుక్క పెట్టినారు సార్. దిద్దుకున్నది నేను."

"ముందుమాటలో రాసినా కదా."

"స్థానిక మహిళ అని రాసినారు. మా అమ్మ కూడా స్థానిక మహిళే సార్. ఆమెకి ముగ్గు గూడా రాదు."

ఆయనకు నవ్వు రాలేదు. "ఇప్పుడు నేను మాట చెప్తే, పుస్తకంలో అబద్ధం రాసినానని నా నోటితో ఒప్పుకున్నట్టు కాదా? రెండో అచ్చులో చూద్దాంలే."

రెండో అచ్చు వచ్చింది. అట్ట మీద బాలబందు ఆకు, ఎడమ రెక్క ఓ పిసరు వెడల్పుగా, చక్కగా పడింది. లోపల పేరు మారలేదు. ముందుమాట కొత్తది రాశారు, స్థానిక మహిళకు అందులో చోటు దొరకలేదు. చెన్నై పని ఎప్పుడో ఇంకొకరికి పోయింది.

సాహిరా ఇవాళ కూడా కావలి షాపులో మెడ డిజైన్లు గీస్తోంది. కాగితం మధ్యకు మడవక తప్పదు. మడిచేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటుంది.

ఆ పుస్తకం ఇప్పుడు బడుల్లో, గ్రంథాలయాల్లో ఉంది. మీ చేతికి వస్తే మొదటి పేజీ తెరిచి, 'చిత్రాలు' అన్న మాట పక్కన ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టండి. కింద 'సాహిరా, కావలి' అని రాయండి. పుస్తకంలో గీతలు గీయడం తప్పే. అంతకంటే పెద్ద తప్పు ఆ పేజీలో అచ్చయి కూర్చుంది. ప్రచురించినవాళ్లకు ఒక కార్డుముక్క కూడా రాయండి, మూడో అచ్చు వేసేలోపు. మీ ఇంట్లో పెళ్లికి జాకెట్టు చేయిస్తే, బాగుందని మెచ్చుకుని వచ్చేయకండి. గీసిందెవరో షాపులో అడగండి. పేరు చెప్పేదాకా అక్కడే నిలబడండి.