పూజనాడు దించిన లివర్

రాష్ట్రం విడిపోయిన మూడో ఏట, దసరాకు కొద్ది రోజుల ముందు, జిల్లా మౌంటెన్ సైకిల్ జట్టుకు మెకానిక్‌గా నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు డెప్యుటేషన్ మీద పంపారు. సెలక్షన్ పండగ మరునాడు, రాళ్ల కొండదారిలో.

ఆ సైకిళ్లకు ముందువైపు ఒకటే పళ్లచక్రం. చైను ఊడకుండా కాపాడేవి రెండే. ఒకటి, ఆ చక్రానికి లావు పన్ను, సన్న పన్ను మార్చి మార్చి ఉండటం. రెండోది, వెనక గేరు మార్చే భాగంలోని క్లచ్. క్లచ్ వేసి ఉంటే చైను బిగువుగా నిలబడుతుంది, కుదుపుకు ఎగరదు. దానికో చిన్న లివర్. వెనక చక్రం విప్పేటప్పుడు దించుతాం, బిగించాక తప్పకుండా ఎత్తాలి. ఈ మాట పదిమందికి నేర్పినవాణ్ణి నేనే.

జట్టులో నాకు నమ్మకం పెద్దముడియం నాగవేణి మీద. రైతు బిడ్డ. ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు, లేకపోతే చదువు బందు అని ఇంట్లో తేల్చి చెప్పారు.

పండగనాడు ఆయుధపూజకు సైకిళ్ల వెనక చక్రాలు విప్పి కడిగాను. చివరగా నాగవేణి సైకిల్‌ది బిగిస్తుండగా మా అధికారి వచ్చాడు. ఫోటో కోసం పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. "ఏందప్పా, శానా సేపు చేస్తాండావు! కుంకుమ పెట్టు బిరీన" అన్నాడు. పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలూ పెట్టాను. ఆ ఊపులోనే అన్ని సైకిళ్లూ బాగున్నాయని ఫిట్‌నెస్ ఫారం మీద సంతకం గీకాను.

మరునాడు నాగవేణికి మూడుసార్లు చైను ఊడింది. అందరికన్నా చివర వచ్చింది, చేతుల నిండా గ్రీజు, మోకాలు చీరుకుపోయి.

"నేను గేరు ముట్టుకోలా సార్. రాయి తగిలినప్పుడల్లా ఊడిపోతాంది" అంది.

వంగి చూశాను. లివర్ దించినది దించినట్టే ఉంది. ఎవరూ చూడకుండా బొటనవేలితో పైకెత్తాను.

కారణం రాసిమ్మన్నాడు అధికారి. మెకానిక్ తప్పని తేలితే రైడర్‌కు మరో అవకాశం ఇవ్వాలని నిబంధన. నాకు మాత్రం మెమో వచ్చేది, దగ్గర పడ్డ ప్రమోషన్ పోయేది. 'రైడర్ గేరు తప్పుగా మార్చడం వల్ల' అని రాశాను. ఛీ, ఆ కాగితం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. ప్రమోషన్ మాత్రం వచ్చింది.

రిటైరయ్యాక, పోయిన నెల పులివెందులలో ఒక బట్టల కొట్లో గుడ్డ కొలుస్తూ కనిపించింది నాగవేణి. తనే పలకరించింది. నేనేదో చెప్పబోయాను.

"మీరు లివర్ ఎత్తింది చూసినా సార్. మీరే చెప్తారులే అనుకుంటి" అంది. గుడ్డ మడిచి కవర్లో పెట్టి ఇచ్చింది.

చైను ఊడకుండా ఏం చేయాలని కొత్త మెకానిక్‌లు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. పూజ అయ్యాక, సంతకానికి ముందు, లివర్‌ను చేత్తో తాకి చూడమంటాను. అయినా ఊడితే, తప్పు ఎవరిదో ఆ రోజే రాయమంటాను. ఆ రెండోది నేను చేయలేదని ఇంతవరకూ వాళ్లకు చెప్పలేదు.