తొమ్మిది కాపీల చీరాల

ఇప్పుడంటే ఏ కాగితమైనా ఫోన్లో వేలితో తోసేస్తే చేరవలసిన చోటికి చేరిపోతోంది గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషి విమానం ఎక్కడానికి ఒక్క టికెట్టు చాలేది, పీత ఎక్కాలంటే మాత్రం తొమ్మిది కాగితాలు కావలసి వచ్చేది. ఆ తొమ్మిదింటినీ సిద్ధం చేసే మహత్తరమైన బాధ్యత నాది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులు తిరిగే అద్దాల వైపు కాదు, వెనక లారీలు ఆగే సరుకుల వైపు మా ఆఫీసు. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి కాళ్ళు కట్టేసిన బతికున్న పీతలు బుట్టల్లో మా దగ్గరికి వచ్చేవి, మేము వాటిని మలేసియాకు పంపేవాళ్ళం. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. సముద్రం చూడలేదు, విమానం ఎక్కలేదు. నేను సాగనంపిన పీతలు మాత్రం రెండూ చూసేవి.

మా ఆఫీసు పెద్దాయన అత్తాపూర్ నుంచి వచ్చేవాడు. ఆయన్ని మేము చాటుగా స్టాంపు సారు అనేవాళ్ళం (టీ తెచ్చిన కుర్రాడి చేతిమీద కూడా పొరపాటున స్టాంపు వేసిన ఘనత ఆయనది). చేరిన రోజున ఆయన నాకు నేర్పింది ఒకటే విద్య. మా ఫారంలో తొమ్మిది కాగితాలు ఒక కట్టగా ఉంటాయి. మధ్యలో కార్బన్ పెట్టనక్కర్లేదు, పైన రాసింది ఆ ఒత్తిడికే కింది ఎనిమిదింటి మీదా పడుతుంది. ఒకటి విమానం వాళ్ళకు, ఒకటి సరుకు పంపినవాళ్ళకు, ఒకటి అందుకునేవాళ్ళకు, ఒకటి మాకు, ఇలా తలా ఒకటి. "నొక్కి రాయాలె బిడ్డా. తొమ్మిదో కాపీ గుడ్డోడు గూడ తడిమి చదువాలె" అని ఆయన చెప్పాడు. నేను అంత నొక్కి రాసేదాన్ని. మూడు నెలల్లో నా చూపుడువేలికి కాయ కాసింది. దాన్ని అందరికీ చూపించుకుని గర్వపడేదాన్ని కూడా.

ఒక గురువారం సారు నన్ను పిలిచి చీరాలలో చిన్న ఆఫీసు తెరుస్తున్నామని, పీతలు అక్కడే లెక్కచూసి కాగితాలు అక్కడే చేసి పంపాలని, దానికి నన్ను పెద్దను చేద్దామనుకుంటున్నానని చెప్పాడు. "సోమవారం పొద్దుగాల చెప్పు. నువ్వు పోకుంటే వేరేటోళ్ళను చూసుకుంట" అన్నాడు. నా గుండె ఒకసారి పైకెగిరి వెంటనే కింద పడింది. ఎగిరింది ఎందుకంటే ఆ ఆఫీసులో కాగితాల మీద సంతకం నాదే ఉంటుంది. పడింది ఎందుకంటే మా అమ్మ.

మాది మామిడిపల్లి. ఇంట్లో అమ్మ, బాపు (మా నాన్న), నేను, ఒక బర్రె. అమ్మ ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన పూలమొక్కలు చూసుకునే పనిలో ఉండేది. ఆమె పని నాలుగింటికి అయిపోయేది, నాది ఆరింటికి. ఆ రెండు గంటలూ అమ్మ మలుపులో బస్టాపు దగ్గర వేపచెట్టు కింద దిమ్మె మీద కూర్చునేది. నేను రాగానే ఇద్దరం కలిసి ఆటోలో ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఎండాకాలం లేదు, వానాకాలం లేదు. ఆఫీసులో వాళ్ళు "మీ అమ్మ ఎంత ప్రేమ!" అంటుంటే నాకు సగం గర్వం, సగం సిగ్గు. కన్నతల్లి నాకోసం రోడ్డు మీద పడిగాపులు పడుతోందని లోపల ఒకటే గుచ్చుకునేది. అలాంటి తల్లికి నేను చీరాల పోతానని ఎలా చెప్పను? అందుకని చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక, చదువుకున్న పిల్లను కదా, కాగితం తీసి మధ్యలో గీత కొట్టి ఒక పక్క 'పోవాలి' అనీ, ఇంకో పక్క 'వద్దు' అనీ రాసి కూర్చున్నాను.

పోవాలి కింద నా సొంత సంతకం, సముద్రం, నెత్తిమీద విమానాల మోత ఉండదు, పెళ్ళి సంబంధాలు అంత దూరం రావు అని రాశాను. వద్దు కింద ఎక్కువే వచ్చాయి. ఉప్పుగాలికి జుట్టు ఊడుతుందట. తుఫాన్లు. ఒళ్ళంతా చేపల వాసన. నా తెలంగాణ మాట విని నవ్వుతారు. ఇరానీ చాయ్ ఉండదు. అక్కడ మాకు పీతలు పంపే పెద్దమనిషిని పీతల బాబాయి అనేదాన్ని, ఆయన ఫోనెత్తితే దించడు కాబట్టి 'బాబాయి చాలా మాట్లాడతాడు, రోజూ ఎదురుగా కూర్చుంటే ఎలా?' అని కూడా రాశాను. అన్నిటికన్నా కింద 'అమ్మ ఒప్పుకోదు' అని రాసి దానికింద రెండు గీతలు గీశాను. ఆఖర్న అమ్మ సంగతే రెండు పక్కలా వచ్చింది. ఇటు 'అమ్మ నాకోసం రోజూ రెండు గంటలు కాచుకోవడం తప్పుతుంది' అనీ, అటు 'అమ్మ ఒక్కతే ఇంటికి పోవాలి' అనీ. తేలింది ఏమీ లేదు. ఎవరి కంటా పడకూడదని ఆ కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపి, సగం ముక్కలు ఒక బుట్టలో, సగం ఇంకో బుట్టలో వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ కాగితం కింద ఎత్తుగా ఉంటుందని నేను పెట్టుకున్నది ఏమిటో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఖాళీ ఫారాల కట్ట. అన్నిటికన్నా పైనున్న కాగితం తెల్లగా, అమాయకంగా ఉంది, దాని మీద ఏమీ పడలేదు. పడినవన్నీ కింద. ఆ సాయంత్రమే అదే ఫారాన్ని కరకరలాడే ప్రింటర్లో పెట్టి పీతల వివరాలు కొట్టి, బరువులూ తేదీలూ చేత్తో నొక్కి రాసి, విడదీసి, తలా ఒక కాపీ పంచేశాను. పై కాగితం తప్ప మిగతావి చూడవలసిన అవసరం నాకు ఏనాడూ రాలేదు, నేను అంత నొక్కి రాసే మనిషిని కదా!

శనివారం పొద్దున సారు తన గదిలోకి పిలిచాడు. ఎదురుగా మా ఆఫీసు కాపీ. సరుకు వివరాలు రాసే గడిలో 'బతికున్న పీతలు' అన్న అచ్చు అక్షరాల మీదుగా నా చేతిరాతలో 'అమ్మ ఒప్పుకోదు' అని ఉంది, రెండు గీతలతో సహా. పంపినవారి సంతకం గడిలో 'చాలా మాట్లాడతాడు' అని ఉంది.

"గిదేందమ్మా? ఎండ్రికాయల అమ్మ ఒప్పుకుంటలేదా?" అన్నాడు సారు. "విమానం వాళ్ళు ఫోన్ జేసి అడుగుతున్నరు, జుట్టు ఊడుడు ఏందని."

నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. సారు మాత్రం ఆ కాపీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది ఎన్నో కాపీ ఎర్కనా? తొమ్మిదోది. పదిహేనేండ్ల సంది చెప్తున్న నొక్కి రాయిండ్రని. గింత సాఫ్‌గ ఎవ్వలు రాయలే" అన్నాడు. కోప్పడతాడనుకున్న మనిషి మెచ్చుకునేసరికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లెక్కపెట్టుకున్నాను. ఒకటి మలేసియా పోయింది (అక్కడివాళ్ళకు తెలుగు రాదు కాబట్టి నా పరువు దేశం దాటి పోలేదు). ఒకటి వ్యాన్‌లో చీరాల పోయింది. అంటే పీతల బాబాయి ఈపాటికి చదువుకుంటూ ఉంటాడు. ఆ ఆలోచన రాగానే ఏడుపు కూడా ఆగిపోయింది.

ఆదివారం పదింటికి మా ఇంటి ముందు వ్యాన్ ఆగింది. అమ్మ, అమ్మతో పాటు మొక్కల పనిచేసే, నేను ఖాలా (పిన్ని) అని పిలిచే ఆమె గడపలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నారు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో సంచీతో అరవై ఏళ్ళ మనిషి దిగాడు. గొంతు వినకముందే ఎవరో నాకు అర్థమైపోయింది.

"నమస్కారమండీ అమ్మగారూ. మాది చీరాలండి. ఇల్లు మీ సారుగారు చెప్పారు. మీ అమ్మాయి నాకో ఉత్తరం రాసిందండి, దానికి జవాబు చెబుదామని వచ్చాను" అన్నాడు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అక్కడే ఆగిపోయింది. ఖాలా ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "యా అల్లా, గీ ముసలాయనకు ఉత్తరమా బేటీ?" అంది. నాకు గోడలో దూరిపోవాలనిపించింది. చివరికి మొత్తం చెప్పక తప్పలేదు, చీరాల ఆఫీసు సంగతీ, కాగితం సంగతీ. అమ్మ అంతా విని, "నాకు చదువు రాదు. ఏం రాసిందో నువ్వే చదువు" అని బాబాయికి కుర్చీ వేయించింది.

ఆయన జేబులోంచి మడతపెట్టిన కాపీ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్కటీ చదివి జవాబు చెప్పుకుంటూ పోయాడు. "ఉప్పుగాలికి జుట్టు ఊడుతుంది. చూడమ్మా, నాది పూర్తిగా పోయింది, కానీ అది మా గాలికి కాదు. రెండేళ్ళు హైదరాబాదులో ఉండి చదువుకున్నాను, ఈ నీళ్ళకే పోయింది. తుఫాన్లు. వస్తాయండి, దాచను. వచ్చే ముందు చెప్పి వస్తాయి. మాట విని నవ్వుతారు. నవ్వుతారు, ఓ నెల. ఆ తర్వాత వాళ్ళకే అలవాటవుతుంది. బాబాయి చాలా మాట్లాడతాడు." ఇక్కడ ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇది మాత్రం నిజమేనండి. మా ఆవిడా అదే అంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు." ఖాలా పక్కున నవ్వింది. అమ్మ నవ్వలేదు.

ఆ కిందిది చూసి ఆయన గొంతు తగ్గించి, కాగితం మడవబోయాడు. "ఆగినవేంది? చదువు" అంది అమ్మ. ఆయన రెండూ చదివాడు. అమ్మ ఒప్పుకోదు. అమ్మ నాకోసం రోజూ రెండు గంటలు కాచుకోవడం తప్పుతుంది. నేను తలెత్తలేదు.

"నీకోసం ఎవలు కాచుకుంటున్నరే?" అంది అమ్మ.

నేను అర్థంకాక చూశాను.

"నాలుగింటికి ఇంటికొస్తే ఏమున్నది? బర్రె, బట్టలు, బోళ్ళు, వాకిట్లకెళ్ళి పిలిచేటోళ్ళు. గా దిమ్మె మీద కూసుంటే నన్ను ఎవ్వలు పిలువరు. చల్లటి గాలొస్తది. విమానాలు దిగుతుంటయ్, ఎన్ని దిగినయో లెక్కవెట్టుకుంట. గా రెండు గంటలే నాయి. బిడ్డ కోసం ఆగిన అంటే మీ బాపు గూడ ఏమనడు. నువ్వు లేటుగొచ్చిన దినం ఇంక మంచిగుంటది."

"హౌ బేటీ" అంది ఖాలా. "నేను గూడ కూసుంట. పల్లీలు తింటం. నువ్వు కనవడంగనే మీ అమ్మ పొట్లం దాస్తది."

ఇన్నాళ్ళ నా అపరాధ భావం పల్లీ పొట్టులా ఎగిరిపోయింది. నవ్వాలో ఉడుక్కోవాలో తెలియలేదు. అయితే అమ్మ అక్కడితో వదిలిపెట్టలేదు. "ఇంకోటున్నది గద. అమ్మ ఒప్పుకోదు అని. నన్ను అడిగినవా?" అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. "అడుగకముందుకే నా జవాబు నువ్వే రాస్తివి. గదీ తొమ్మిది కాపీలు."

నేను వెళ్ళి అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాను. చిక్కుడుకాయలు అటూ ఇటూ దొర్లాయి. బాబాయి జీవితంలో మొదటిసారి మాట్లాడకుండా కూర్చున్నాడు. కాసేపయ్యాక అప్పుడే గుర్తొచ్చినట్టు సంచీలోంచి చీర తీసి, "మా ఊళ్ళో నేసిందండి" అని అమ్మ పక్కన పెట్టాడు. సోమవారం పొద్దున సారుకు నేను పోతానని చెప్పాను. ఆయన సంతోషంగా నా దరఖాస్తు మీద రెండుసార్లు స్టాంపు వేశాడు.

నన్ను దింపడానికి అమ్మ కూడా చీరాల వచ్చింది, ఆ కొత్త చీర కట్టుకుని. సామాను గదిలో పెట్టి సాయంత్రం సముద్రానికి వెళ్ళాం. ఇద్దరికీ అదే మొదటిసారి. నేను పిచ్చిదానిలా నీళ్ళలోకి పరుగెత్తాను. అమ్మ మాత్రం పొడి ఇసుకలో చోటు చూసుకుని, కొంగు సర్దుకుని, దిమ్మె మీద కూర్చున్నట్టే కూర్చుంది. ఎంతసేపో అయ్యాక వెళ్ళి ఎలా ఉందని అడిగితే, "మంచిగున్నది. ఈడ గూడ ఎవ్వలు పిలుస్తలేరు" అంది.

నేను అక్కడే ఉండిపోయాను. పెళ్ళి సంబంధం అంత దూరం రాదని రాసుకున్నాను గానీ, అది ఎదురు వీధి నుంచే వచ్చింది. జుట్టు కొంత ఊడింది, తుఫాన్లు చెప్పే వచ్చాయి. నా 'ఏంది' విని నవ్విన వీధి పిల్లలు ఇప్పుడు వాళ్ళే 'ఏంది' అంటున్నారు. బాబాయి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఆయన ఒక్కరోజు ఫోన్ చేయకపోతే నాకే తోచదు. అమ్మ, సారు, బాబాయి, ఈ ముగ్గురి చలవతోనే నేను ఇక్కడ నా పేరుతో సంతకం పెడుతున్నాను. బాబాయి తెచ్చిన ఆ కాపీ నా బీరువాలో ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి గానీ 'అమ్మ ఒప్పుకోదు' కింద రెండు గీతలు వేలికి తగులుతాయి. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల మీద జాలీ, నవ్వూ ఒకేసారి వస్తాయి. ఒక్క మాట అడిగితే తేలిపోయే దానికి ఎంత గట్టిగా నొక్కి రాసిందో!

మా అమ్మాయికి ఇప్పుడు పదేళ్ళు. సాయంత్రం దాన్ని నాట్యం క్లాసులో దింపి, మళ్ళీ తీసుకొచ్చేదాకా బీచ్ రోడ్డులో ఒక కల్వర్టు మీద కూర్చుంటాను. మొన్న అది ఇంటికి వస్తూ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నాకోసం రోజూ ఎంతసేపు కూర్చుంటావో కదా, పాపం!" అంది.

నేను పల్లీల పొట్లం కొంగులో దాచుకుని, "ఏం చేస్తాం తల్లీ" అన్నాను.