జూలై సీసా

జూలైలో వాన పడలేదని ఎవరైనా బెంబేలెత్తితే నాకు నవ్వొస్తుంది. ఆ భయం నా చిన్నప్పుడే, మదనపల్లెలో మా ఇంటి అరుగు మీద తీరిపోయింది.

ఊరి చివర మాకు కొంత మెట్ట చేను ఉండేది. వానొస్తేనే వేరుశనగ, లేకపోతే లేదు. ఆ ఏడాది జూలై అయిపోవస్తున్నా తుంపర తప్ప వాన లేదు. మా నాయన సాయంత్రం పూట టీ అంగడి రేడియోలో కేరళ వరదల సంగతి వినొచ్చి, ఇంట్లో తల పట్టుకుని కూర్చునేవాడు. చివరికి విత్తనం కాయలను పుంగనూరు సంతలో అమ్మేసి, అందరం కుప్పం వైపు రాతి పనికి పోదామన్నాడు. అంటే నా బడి అంతటితో సరి. మా అమ్మ మూటలు కడుతుంటే నేను పుస్తకాల సంచి కరుచుకుని కూర్చున్నాను. ఎంత ఏడ్చానో!

పక్కింటి అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రి ఆవరణలో వాన కొలిచే పాత్ర ఒకటి ఉండేది. మా నాయన పుట్టకముందు నుంచీ అక్కడ పడిన వానను కొలిచి రాస్తూ వచ్చారు. నా ఏడుపు విన్న ఆ అక్క మర్నాడు డ్యూటీ దిగి, గంపలో ఖాళీ మందు సీసాలు మోసుకొచ్చింది. నెలకొకటి చొప్పున అరుగు మీద వరసగా పెట్టింది. ఇన్నేళ్లలో ఏ నెలకు సగటున ఎంత వాన పడిందో, స్కేలుతో కొలిచి అంత ఎత్తు నీళ్లు పోసింది. బాగా కనబడాలని ఒక్కో చుక్క ఎర్ర మందు కూడా వేసింది. వీధంతా వింత చూడ్డానికి మూగింది.

జూలై సీసా పక్కన ఇంకొకటి పెట్టి, "ఇది ఈ ఏడు పడిన వాన. సూడు చిన్నాయనా" అంది.

మా నాయన గొంతుక్కూర్చుని రెండింటినీ మార్చి మార్చి చూశాడు. కొత్త సీసాలో నీళ్లు తక్కువే, కానీ పాతదీ సగమైనా నిండలేదు.

"మన జూలై ఎప్పుడూ ఇంతేనామ్మా?"

"ఇంతే. కేరళ జూలైతో మన జూలైని యాల కొలుస్తాండావు? మన వానలు ఆ పక్కనుండాయి" అంటూ సెప్టెంబరు, అక్టోబరు సీసాలు చూపించింది. అవి రెండూ మూతి దాకా ఎర్రగా నిండి ఉన్నాయి.

"ఈ ఏడు కూడా వస్తాయంటావా?"

"అది నేనెట్ల సెప్పేది? తప్పిన ఏండ్లూ ఉండాయి. వచ్చిన ఏండ్లే శానా ఎక్కువ. ఇంకా కాలం మించిపోలేదు, అంతే నేను సెప్పేది."

మా నాయన జవాబు చెప్పేలోపే మా అమ్మ లోపలికి పోయి మూటల ముళ్లు విప్పేసింది!

ఆగస్టు మొదట్లో పదును వాన పడింది. విత్తనం వేశాం. తర్వాత కొన్నాళ్లు మబ్బు మొహం చాటేసి మా ప్రాణాలు తోడేసిందిగానీ, సెప్టెంబరులో మొదలైంది చూడండి, ఆకాశం చిల్లు పడ్డట్టు వాన! మా నాయన నిలువునా తడిసి అక్క గుమ్మం ముందు ఎగురుతూ, "నీ సీసా నిండిందమ్మో!" అని అరిచాడు. అంతటి పంట ఆయన మళ్లీ పండించలేదు. పచ్చి కాయలు ఉడకబెట్టి అక్క ఆసుపత్రి వార్డులో ఉన్నవాళ్లందరికీ గంపలతో మోశాం. నేను బడి మానలేదు, చదివి టీచరునయ్యాను.

ఇప్పుడు నా మనవరాలు ఫోనులో ఈ నెల వాన ఎంత తక్కువో చూపించి కంగారు పడుతుంది. "మన నెల ఇన్నేండ్లుగా ఎట్లుంటాదో అది సెప్పు ముందు" అంటాను. వానకే కాదు, చెడ్డ నెలలు నా బతుకులోనూ వచ్చాయి. ఏ ఒక్క నెలను చూసీ ఓడిపోయానని నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోవలసిన అవసరమూ ఇంతవరకు రాలేదు.